క్యాడిలాక్, లింకన్ వాళ్లు మజిల్ కార్లనూ స్టేషన్ వ్యాగన్లనూ ఎందుకు వదిలేశారు?

బొమ్మకార్ల బీరువా (విజయవాడ) | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా పాత అమెరికన్ కార్ల నమూనా బొమ్మలు కూడబెడుతున్నాను. ఈ మధ్య బీరువా సర్దుతూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒక్కో పేరుకు ఒక్కో అర. అరలో వరుసగా సెడాన్, కూపే, కన్వర్టిబుల్, స్టేషన్ వ్యాగన్ (సామాను కోసం కప్పును వెనకదాకా పొడిగించి వెనక తలుపు పెట్టిన కారు), చివరన మజిల్ కారు (మధ్యరకం ఒంట్లో పెద్ద ఇంజను పెట్టిన వేగం కారు). కాలం 1955 నుంచి 1975 దాకా.

షెవర్లే అర ఇట్టే నిండింది. పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూయిక్ నిండాయి. ఫోర్డ్, మెర్క్యురీ, ప్లిమత్, డాడ్జ్ అరల్లోనూ ఖాళీ లేదు. ఖరీదైన పేర్లయిన క్యాడిలాక్, లింకన్, ఇంపీరియల్ అరల దగ్గరికి వచ్చేసరికి మూడింటిలోనూ చివరి రెండు గళ్లు బోసిగా మిగిలాయి. బొమ్మ దొరక్క కాదు, అసలు ఆ కార్లే తయారు కాలేదు.

ఇది నాకు మింగుడుపడడం లేదు. పెద్ద ఇంజన్లన్నీ వీళ్ల దగ్గరే ఉన్నాయి. డబ్బుకు లోటు లేదు. 1950ల చివర్లో అక్కడ అమ్ముడైన ప్రతి ఆరేడు కార్లలో ఒకటి వ్యాగనే. అంత పెద్ద గిరాకీని చూస్తూ చూస్తూ ఎలా వదులుకున్నారు? తెలిసినవారు చెప్పగలరు.

గేరుమార్చు (కాకినాడ) | శనివారం, రాత్రి 9:42

ఇందులో పెద్ద చిక్కేమీ లేదనుకుంటాను. క్యాడిలాక్ కొనేవారికి నిశ్శబ్దం కావాలి, మజిల్ కారు కొనేవారికి ఉరుము కావాలి. ఇద్దరూ ఒకే దుకాణానికి రారు. ఇక వ్యాగన్ అంటే సామాను బండి. డబ్బున్నవాళ్లు తమ సామాను తాము మోసుకోరు.

వుడ్‌వర్డ్ వాసి (ట్రాయ్, మిషిగన్) | ఆదివారం, ఉదయం 6:15

గేరుమార్చు గారూ, నేను కూడా మొదట అలాగే అనుకునేవాడిని. ఇరవై ఏళ్లుగా డెట్రాయిట్ పక్కనే ఉంటూ ఇక్కడి పాత కార్ల వాళ్లతో తిరిగాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. యుద్ధం తరవాత అమెరికాలో వేగానికి బాట వేసింది ఖరీదైన కార్లే.

1949లో క్యాడిలాక్ 331 క్యూబిక్ అంగుళాల కొత్త వి8 ఇంజను తెచ్చింది. అది 160 హార్స్‌పవర్. అదే ఏడాది ఫోర్డ్ వి8 ఇచ్చింది 100. మరుసటి ఏడాది బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ అనే ఆయన రెండు క్యాడిలాక్‌లను ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందేనికి తీసుకెళ్లాడు. ఒకటి మామూలు కూపే, రెండోది రేకులతో కొత్త ఒళ్లు కట్టిన బండి. అవి 10, 11 స్థానాల్లో వచ్చాయి. అదే పందెంలో ఇంగ్లండుకు చెందిన సిడ్నీ అలార్డ్ తన తేలికపాటి కారులో క్యాడిలాక్ ఇంజను పెట్టి మూడో స్థానం కొట్టాడు. ఈ మూడో స్థానాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

లింకన్ సంగతి చూడండి. మెక్సికోను ఈ చివరి నుంచి ఆ చివరికి దాటే పాన్ అమెరికానా పందెంలో 1952లోనూ 1953లోనూ తన తరగతిలో మొదటి నాలుగు స్థానాలూ లింకన్‌వే. 1955లో క్రైస్లర్ సి-300 వచ్చింది. క్రైస్లర్ న్యూయార్కర్ మోడల్ ఒంటికి ఇంపీరియల్ ముందు జాలీ తగిలించి, హెమీ అనే 331 క్యూబిక్ అంగుళాల ఇంజనుతో సరిగ్గా 300 హార్స్‌పవర్ ఇచ్చారు. తోలు సీట్లు, నిండైన పెద్ద కారు. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ అమెరికాలోని నాస్కార్ కార్ల పందేల్లో విజేత అదే. మొదటి ఏడాది తయారైనవి 1,725 మాత్రమే.

అంటే ఖరీదైన కారుకు వేగం అంటరానిది కాదు. అది ఒకప్పుడు వాళ్ల సొత్తే. తరవాత దాన్ని వదిలేశారు. ఎందుకు వదిలేశారన్నదే అసలు ప్రశ్న.

బొమ్మకార్ల బీరువా | ఆదివారం, ఉదయం 8:30

సి-300 నా దగ్గర ఉంది! క్రైస్లర్ అరలో కూపేల మధ్య పెట్టాను. ఇంపీరియల్ జాలీ అని ఇప్పుడే తెలిసింది, భూతద్దం పెట్టి చూశాను, నిజమే, రెండు ముక్కలుగా, గుడ్లు పెట్టే అట్ట పళ్లెంలా గళ్లు గళ్లుగా ఉంది. మీరు చెప్పాక నా ప్రశ్న ఇంకా బలపడింది. చేతిలో ఉన్నదాన్ని ఎందుకు జారవిడిచారు?

లెక్కల మాస్టారు (రాజమహేంద్రవరం) | ఆదివారం, ఉదయం 10:05

కాలేజీలో ముప్పై ఏళ్లు వాణిజ్యశాస్త్రం చెప్పాను. ఈ ప్రశ్నకు జవాబు ఇంజను గదిలో కంటే లెక్కల గదిలో ఎక్కువ దొరుకుతుంది.

జనరల్ మోటార్స్‌ను నిలబెట్టిన ఆల్ఫ్రెడ్ స్లోన్ 1920ల్లోనే ఒక నిచ్చెన కట్టాడు. అట్టడుగు మెట్టు షెవర్లే, ఆపైన పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూయిక్, కొసన క్యాడిలాక్. ఉద్యోగంలో చేరినవాడు షెవర్లే కొంటాడు, జీతం పెరిగిన కొద్దీ ఒక్కో మెట్టు ఎక్కుతాడు, కానీ కంపెనీ మారడు. ప్రతి మెట్టుకూ ధర హద్దు ఉంటుంది. పైమెట్టు వాడు కిందికి దిగి తమ్ముడి ఖాతాదారును లాక్కుంటే మొత్తం కుటుంబానికే నష్టం.

ఇప్పుడు 1964 పాంటియాక్ జీటీవోను చూడండి. మజిల్ కార్ల శకానికి అదే మొదలని ఎక్కువమంది ఒప్పుకుంటారు. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ పెద్దలు కంపెనీ తరఫున పందేలు వద్దన్నారు. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని ఒక కట్టడి కూడా ఉంది. పాంటియాక్ ప్రధాన ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం పెద్ద కారులోని 389 ఇంజనును టెంపెస్ట్ లె మాన్స్ అనే మధ్యరకం ఒంట్లో దించి చూసింది. కొత్త మోడల్‌గా ప్రకటిస్తే పెద్దల అనుమతి కావాలి. అందుకని దాదాపు 300 డాలర్ల అదనపు ప్యాకేజీగా చూపించారు. మొదట 5 వేలు అమ్ముడైతే చాలనుకున్నారు. ఏడాది తిరిగేసరికి 32 వేలు దాటాయి.

ఈ లెక్కలో కీలకం ఏమిటంటే, ఆ ప్యాకేజీ చేర్చినా కారు ధర 3 వేల డాలర్ల చుట్టుపక్కలే ఉంది. అప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్రవాడు వాయిదాల మీద కొనగలడు. అదే ఏడాది క్యాడిలాక్ కూప్ డి విల్ 5 వేలు దాటింది. మజిల్ కారంటే చిన్న ఒళ్లు, పెద్ద గుండె, తక్కువ ధర. మూడూ కలిస్తేనే మజిల్ కారు. క్యాడిలాక్ దగ్గర గుండె ఒక్కటే ఉంది. చిన్న ఒళ్లు దానికి 1975లో సెవిల్ అనే మోడల్ వచ్చేదాకా లేదు.

సైలెన్సర్ (హైదరాబాద్) | ఆదివారం, ఉదయం 11:20

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మజిల్ కారు తక్కువ ధరదే అయి ఉండాలని మీరే నిర్వచనం చెప్పి, క్యాడిలాక్ తక్కువ ధరది కాదు కాబట్టి అది మజిల్ కారు కాలేదంటున్నారు. ఇది చుట్టూ తిరిగి మొదటికే వచ్చే వాదన.

బ్యూయిక్ సంగతేమిటి? క్యాడిలాక్‌కు ఒక్క మెట్టు కిందే కదా. వైద్యుల కారు, బ్యాంకు మేనేజర్ల కారు అని పేరున్న బ్యూయిక్ 1965లో గ్రాన్ స్పోర్ట్ తెచ్చింది. 1970లో జీఎస్ఎక్స్ వచ్చింది. 455 ఇంజను, 510 పౌండ్-అడుగుల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం). పసుపు రంగు మీద నల్ల చారలతో ఆ కారు ఫొటో చూస్తే అది బ్యూయిక్ అని నమ్మడం కష్టం. మెర్క్యురీ కూడా కౌగర్ ఎలిమినేటర్ తెచ్చింది. ఒక్క మెట్టు కిందివాళ్లకు చెల్లింది పై మెట్టు వాళ్లకు ఎందుకు చెల్లలేదు? చిన్న ఒళ్లు లేదన్నది సాకు. బ్యూయిక్ స్కైలార్క్ ఒళ్లు పక్క ఇంట్లోనే ఉంది, అడిగితే ఇచ్చేవారు.

వుడ్‌వర్డ్ వాసి | ఆదివారం, సాయంత్రం 5:50

సైలెన్సర్ గారి పట్టు బాగుంది. దానికి జవాబు షోరూములో ఉంది.

లింకన్, మెర్క్యురీ రెండూ ఫోర్డ్ కంపెనీవే. లింకన్ ఒక్కదాన్నే అమ్మే దుకాణాలు అరుదు. బోర్డు మీద లింకన్-మెర్క్యురీ అని రెండు పేర్లూ ఉండేవి. లింకన్ కాంటినెంటల్ కొనడానికి వచ్చిన పెద్దాయన కొడుకు కారు అడిగితే, అదే గచ్చు మీద పది అడుగుల దూరంలో కౌగర్ నిలబడి ఉంటుంది. భార్య వ్యాగన్ అడిగితే పక్కనే మెర్క్యురీ కాలనీ పార్క్. అమ్మేవాడు ఒక్కడే, లాభం ఒకే ఇంటికి. అదే కారుకు లింకన్ పేరు పెట్టి ఇంకో రెండు వేల డాలర్లు వేస్తే ఇద్దరు కొంటారేమో, పేరు మాత్రం పలచనవుతుంది. క్రైస్లర్ దుకాణంలోనూ ఇంతే. ఆ కంపెనీదే అయిన ఇంపీరియల్ పక్కనే మజిల్ కారుగా ప్లిమత్ జీటీఎక్స్, వ్యాగన్ కావాలంటే టౌన్ అండ్ కంట్రీ.

ఇంజన్ల దగ్గరికి వస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 1967లో ఇంపీరియల్ కింద ఉన్నదీ జీటీఎక్స్ కింద ఉన్నదీ ఒకే 440 ఇంజను. ఇంపీరియల్‌లో 350 హార్స్‌పవర్‌గా, జీటీఎక్స్‌లో 375గా కట్టారు. తేడా 25. బరువులో తేడా మాత్రం దాదాపు అర టన్ను. ఉదయం అలార్డ్ మూడో స్థానాన్ని గుర్తుపెట్టుకోమన్నాను కదా. అక్కడ తేలింది ఇదే. క్యాడిలాక్ గుండె తేలికైన ఒంట్లో ఉంటే మూడో స్థానం, తన సొంత ఒంట్లో ఉంటే పదో స్థానం. దాంతో ఈ కంపెనీలు బలాన్ని బరువు మోయడానికి ఖర్చుపెట్టాయి. 1970 క్యాడిలాక్ ఎల్డొరాడోలో 500 క్యూబిక్ అంగుళాల ఇంజను, 8.2 లీటర్లు. మజిల్ కార్లలో దేనికీ అంత పెద్ద ఇంజను లేదు. 400 హార్స్‌పవర్.

ఆ కారును నేను దగ్గరగా చూశాను. ఆగస్టులో ఇక్కడ వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, వేల కార్లు వస్తాయి. ఒక ముసలాయన తన ఎల్డొరాడోను పెట్రోలు బంకు పక్కన ఆపి బానెట్ ఎత్తాడు. ఇంజను తిరుగుతోంది. దగ్గరికి వెళ్లేదాకా తిరుగుతోందని తెలియలేదు. గాలి వడపోత పళ్లెం మీద అరచెయ్యి పెట్టమన్నాడు. మెత్తని వణుకు, నిద్రపోతున్న ఆవు డొక్క మీద చెయ్యి వేసినట్టు. అంతలో రోడ్డు మీద ఒక జీటీవో ఆగి యాక్సిలరేటర్ తొక్కింది. బంకు అద్దాలు అదిరాయి. ముసలాయన అటు చూసి నవ్వి, బానెట్ నెమ్మదిగా దించాడు. రెండు ఇంజన్ల పుట్టినిల్లు ఒకటే కంపెనీ. ఒకదాన్ని వినిపించడానికి చేశారు, రెండోదాన్ని వినిపించకుండా ఉండడానికి చేశారు. గేరుమార్చు గారు చెప్పినదాంట్లో ఈ మేరకు నిజం ఉంది.

గేరుమార్చు | ఆదివారం, రాత్రి 8:15

వుడ్‌వర్డ్ వాసి గారూ, ధన్యవాదాలు. అయితే 1957 తరవాత వీళ్లు పందేలు మానేయడం కూడా ఒక కారణమేనా? ఆ ఏడాది కార్ల తయారీదారుల సంఘం పందేలకు దూరంగా ఉండాలని తీర్మానించిందని చదివాను.

వుడ్‌వర్డ్ వాసి | ఆదివారం, రాత్రి 8:40

అవును, 1957 జూన్. కాకపోతే షెవర్లే, పాంటియాక్ వాళ్లు చాటుగా కొనసాగించారు. వాళ్లకు కుర్రవాళ్ల గిరాకీ కావాలి. క్యాడిలాక్‌కు ఆ అవసరం లేదు, చేసిన ప్రతి కారూ అమ్ముడైపోతోంది. అవసరం లేనివాడు తీర్మానానికి కట్టుబడి ఉంటాడు.

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 9:30

సైలెన్సర్, నీ ఆక్షేపణలో సగం ఒప్పుకుంటున్నాను. చిన్న ఒళ్లు తెచ్చుకోగలిగేవారే. తెచ్చుకోకపోవడం వెనక ఒక భయం ఉంది. ఆ భయం పేరు పాకార్డ్.

ఒకప్పుడు అమెరికాలో పాకార్డ్ ముందు క్యాడిలాక్ రెండోదే. ఆర్థికమాంద్యంలో గిరాకీ పడిపోయి, 1935లో పాకార్డ్ వెయ్యి డాలర్లకు కాస్త లోపు నుంచి మొదలయ్యే 120 అనే కారు తెచ్చింది. అది విపరీతంగా అమ్ముడై కంపెనీని బతికించింది. కానీ పేరు కిందికి దిగింది. దిగిన పేరును యుద్ధం తరవాత మళ్లీ పైకి ఎత్తలేకపోయారు. 1958కల్లా కంపెనీ పేరే చెరిగిపోయింది. 120 తేకపోయి ఉంటే అంతకుముందే మూతపడేదని వాదించేవారూ ఉన్నారు, ఆ వాదనలో బలం ఉంది. కానీ పక్కింట్లో ఇది జరుగుతుంటే చూసిన డెట్రాయిట్ అధికారులు నేర్చుకున్న పాఠం మాత్రం ఒకటే: పైమెట్టు మీద ఉన్నవాడు కిందికి అడుగు పెట్టకూడదు.

బీరువా వారూ, మీకు ఇంకో సంగతి. 1948లో పాకార్డ్ స్టేషన్ సెడాన్ అని కర్ర పలకలు తొడిగిన కారు తెచ్చింది. ఖరీదైన పేరుతో కంపెనీయే చేసిన వ్యాగన్ కావాలంటే దాన్ని వెతకండి. మీ 1955 గీతకు ముందుదే అయినా.

ఆటోనగర్ వారసుడు (విజయవాడ) | సోమవారం, ఉదయం 7:00

ఇంతసేపూ మజిల్ కార్ల గురించే మాట్లాడారు. వ్యాగన్ గురించి నాకు తెలిసింది చెబుతాను. మా తాతగారి కాలం నుంచి మాది బాడీలు కట్టే పని. చాసిస్ (ఇంజనూ చక్రాలూ ఉన్న చట్రం) కంపెనీ నుంచి వస్తుంది, కర్ర, రేకు, అద్దం మావి. అందుకని వ్యాగన్ పుట్టుక చదివినప్పుడు మా షెడ్డు గురించి చదువుతున్నట్టే అనిపించింది.

స్టేషన్ వ్యాగన్ పేరులోనే ఉంది, రైల్వే స్టేషన్ బండి. రైలు దిగినవాళ్లనూ వాళ్ల పెట్టెలనూ హోటలుకో, తోట బంగళాకో చేర్చే బండి. కారు కంపెనీలు చాసిస్ ఇచ్చేవి, వడ్రంగులు వెనక కర్ర పెట్టె కట్టేవాళ్లు. 1929లో ఫోర్డ్ తానే పెద్ద ఎత్తున అమ్మడం మొదలుపెట్టింది. తరవాత మిషిగన్ ఉత్తరాన ఐరన్ మౌంటెన్ అనే ఊళ్లో సొంత అడవి, సొంత కోత మిల్లు పెట్టి కర్ర బాడీలు చేసింది. కర్ర అంటే ఎండకు విచ్చుకుంటుంది, వానకు ఉబ్బుతుంది, కీళ్లు కిర్రుమంటాయి. ఏటా వార్నిష్ వేయాలి. నిశ్శబ్దం అమ్ముకునే క్యాడిలాక్ కిర్రుమనే కర్రను ఎలా అమ్ముతుంది? రేకు బాడీ వ్యాగన్లు నిలదొక్కుకుంది 1949 తరవాతే. 1953 దాకా బ్యూయిక్ అసలు కర్ర వాడింది.

సరే, రేకు వచ్చాక ఎందుకు చేయలేదు? ఇక్కడ నాకు తోచిన పెద్ద కారణం ఒకటుంది. మన ఊళ్లో వైకుంఠరథం చూశారు కదా. చిన్న లారీ చాసిస్ మీద మాలాంటివాళ్లం కట్టేదే. మా షెడ్డులో రెండు కట్టాం. పక్కన గాజులు, వెనక పొడవాటి తలుపు, లోపల పాడె జారడానికి గొట్టాల వరుస. కట్టినన్ని రోజులూ మా నాయనమ్మ షెడ్డు వైపు వచ్చేది కాదు. ఆ గొట్టాలు చేతితో తోసి తిరుగుతున్నాయో లేదో చూసేటప్పుడు పనివాళ్లు కూడా మాట్లాడుకోరు.

అమెరికాలో ఆ బండి క్యాడిలాక్. క్యాడిలాక్ కంపెనీయే వ్యాపార చాసిస్ అని మామూలు కారు కంటే పొడవైనది ప్రత్యేకంగా చేసి, మిల్లర్-మీటియర్, సుపీరియర్, హెస్ అండ్ ఐసెన్‌హార్ట్ వంటి బాడీ కంపెనీలకు అమ్మేది. వాళ్లు దాని మీద శవవాహనం, అంబులెన్సు రెండూ కట్టేవాళ్లు. 1970ల దాకా అక్కడ చాలా ఊళ్లలో అంబులెన్సు నడిపింది కూడా అంత్యక్రియల సంస్థలే. ఒకే బండి, లోపలి సామాను మారిస్తే ఉదయం అంబులెన్సు, సాయంత్రం శవవాహనం. అంటే పొడవైన కప్పు, వెనక తలుపు ఉన్న క్యాడిలాక్‌ను ప్రతి అమెరికన్ చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాడు, ఎవరి ఇంటి ముందు ఆగితే అక్కడ ఏడుపు వినిపించే బండిగా. అదే ఆకారంలో, అదే ముందు జాలీతో ఉన్న బండిలో పిల్లల్ని ఎక్కించుకుని సముద్రం ఒడ్డుకు ఎవరు వెళతారు?

స్టట్‌గార్ట్ సుధ (జర్మనీ) | సోమవారం, మధ్యాహ్నం 1:25

ఆటోనగర్ గారి వివరణ చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ గొట్టాల వరుస కళ్ల ముందు నిలిచిపోయింది.

ఒక్క విషయం చేరుస్తాను. యూరప్‌లోని ఖరీదైన పేర్లు ఈ రెండింటినీ చివరికి అందుకున్నాయి, కాకపోతే తమ దారిలో. 1968లో మెర్సిడెస్ 300 ఎస్ఈఎల్ 6.3 తెచ్చింది. ఎరిక్ వాక్సెన్‌బెర్గర్ అనే ఇంజనీరు దేశాధినేతలు వాడే 600 లిమొజీన్‌లోని 6.3 లీటర్ల వి8ను అంతకంటే చిన్నదైన సెడాన్‌లో దించాడు. 250 హార్స్‌పవర్, ఆగి ఉన్న చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగానికి ఆరున్నర సెకన్లు. 6,526 తయారయ్యాయి. పాంటియాక్ వాళ్లు చేసిన పనే. చారలు లేవు, చప్పుడు లేదు, ధర మాత్రం ఆకాశంలో. దీన్ని మజిల్ కారని ఇక్కడ ఎవరూ అనలేదు.

వ్యాగన్ విషయంలో జర్మన్లూ చాలాకాలం వెనకాడారు. ఇక్కడ కోంబి (వ్యాగన్‌కు జర్మన్ పేరు) అంటే రంగులు వేసేవాడి బండి, మాంసం కొట్టువాడి బండి అనే పేరుండేది. మెర్సిడెస్ తన సొంత వ్యాగన్‌ను 1977లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టింది, 123 వరుసలో. బీఎండబ్ల్యూ కథ నాకు ఎంతో ఇష్టం. మాక్స్ రైస్‌బెక్ అనే ఇంజనీరు పిల్లల సామాను పట్టడం లేదని ఒక స్నేహితుడి గ్యారేజీలో తన 3 సిరీస్ వెనక భాగాన్ని కోసి వ్యాగన్ చేసుకున్నాడు. కంపెనీకి చూపిస్తే వెనక్కి ఇవ్వలేదు. 1987లో అదే 3 సిరీస్ టూరింగ్‌గా వచ్చింది.

సైలెన్సర్ | సోమవారం, సాయంత్రం 6:10

ఆటోనగర్ గారి మాట నన్ను కదిలించింది, అయినా అది పూర్తి కారణం అనుకోను. లింకన్ శవవాహనాలు క్యాడిలాక్‌వి ఉన్నంతగా లేవు, ఇంపీరియల్‌వి ఇంకా తక్కువ. అయినా ఆ ఇద్దరూ వ్యాగన్ చేయలేదు. పైగా పొడవైన కప్పు, వెనక తలుపు ఉన్న క్యాడిలాక్‌ను 1999 నుంచి అమెరికన్లు సంతోషంగా కొంటున్నారు. దాని పేరు ఎస్కలేడ్. భయం ఆకారం గురించే అయితే ఎస్కలేడ్ ఎలా గెలిచింది?

ఆటోనగర్ వారసుడు | సోమవారం, సాయంత్రం 6:55

సైలెన్సర్ తమ్ముడూ, ఎస్కలేడ్ ఎత్తుగా నిలబడిన బండి. శవవాహనం నేలకు వాలిన బండి. బాడీ కట్టేవాడి కంటికి ఆ రెండూ ఒకటి కావు. లింకన్ విషయంలో మాత్రం నీ మాట నిజం, నా దగ్గర జవాబు లేదు.

దుడ్డు లెక్క ఒకటి చెబుతాను. వ్యాగన్ అంటే సెడాన్ వెనక పెట్టె తగిలించడం కాదు. కప్పు రేకు వేరు, పక్క రేకులు వేరు, వెనక గాజు, వెనక తలుపు, నేల, పట్టీలు అన్నీ వేరు. అచ్చులకు పెట్టే డబ్బు లక్షల బండ్ల మీద పంచితేనే గిట్టుతుంది. అందుకే జనరల్ మోటార్స్‌లో వ్యాగన్ల కప్పు, తలుపులు, గాజులు చాలావరకు అన్నదమ్ముల ఉమ్మడి సొత్తు. క్యాడిలాక్ ఆ ఉమ్మడిలో చేరితే దాని తలుపు షెవర్లే తలుపులా కనబడుతుంది. చేరకపోతే కొన్ని వేల బండ్ల కోసం సొంత అచ్చులు చేయించాలి. 1965 నుంచి కొన్నేళ్లపాటు బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్ కూడా పెద్ద వ్యాగన్లు ఆపేసి మధ్యరకంతో సరిపెట్టుకున్నాయి.

తప్పకుండా కావాలన్న శ్రీమంతులు మాత్రం బయట చేయించుకున్నారు. 1950ల్లో హెస్ అండ్ ఐసెన్‌హార్ట్ వాళ్లు వ్యూ మాస్టర్ అనే పేరుతో కొన్ని క్యాడిలాక్ వ్యాగన్లు కట్టారు. అధ్యక్షుడు కెనడీ ప్రయాణించిన లింకన్‌ను మార్చి కట్టింది కూడా సిన్సినాటిలోని ఈ షెడ్డే.

వుడ్‌వర్డ్ వాసి | సోమవారం, రాత్రి 11:30

సైలెన్సర్ గారి ఎస్కలేడ్ ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది.

1975లో అమెరికా ప్రభుత్వం ఇంధన చట్టం తెచ్చింది. 1978 నుంచి ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు గ్యాలనుకు 18 మైళ్లు ఉండాలి, 1985కల్లా 27.5. వ్యాగన్ కారు లెక్కలోకి వస్తుంది. చిన్న ట్రక్కులకు వేరే కొలత, అది తేలిక. 1980 నుంచి ఎక్కువ పెట్రోలు తాగే కార్ల మీద అదనపు పన్ను వేశారు, ట్రక్కులకు అది లేదు. దాంతో పెద్ద వ్యాగన్ చేయడం ప్రతి కంపెనీకీ భారమైంది, ట్రక్కు చాసిస్ మీద అదే పని చేయడం లాభమైంది. 1998 మోడల్‌గా లింకన్ నావిగేటర్ వచ్చింది, వెనకే క్యాడిలాక్ హడావిడిగా ఎస్కలేడ్ తెచ్చింది. మొదటిది ఫోర్డ్ ట్రక్కు కుటుంబం, రెండోది జీఎంసీ యూకాన్ డెనాలీకి కవల. ముప్పై ఏళ్ల ముందు కాలనీ పార్క్‌కు లింకన్ పేరు పెట్టడానికి ఒప్పుకోనివాళ్లు ట్రక్కుకు పెట్టారు.

ఈ దారి వాళ్లకంటే ముందు జీప్ చూసింది. 1966 సూపర్ వ్యాగనీర్‌లో వి8, ఏసీ, మెత్తని సీట్లు అన్నీ ఉన్నాయి.

కాలనీ పార్క్ అన్నాను కాబట్టి మా వీధి చివర ఉన్నదాని గురించి చెప్పాలి. 1972ది. ముందు నుంచి చూస్తే లింకనే అనుకుంటారు, మూతల వెనక దాక్కున్న దీపాలు, నిటారు జాలీ. పక్కలకు కర్రలా కనిపించే వినైల్ అంటించి ఉంటుంది. ఎండకు ఒక చోట లేచిపోతే దాన్ని నడుపుకునే ఆవిడ గోటితో నొక్కి సరిచేస్తుంటారు. వెనక తలుపు చూసి తీరాలి. ఒక పిడి తిప్పితే లారీ వెనక పలకలా కిందికి వాలుతుంది, ఇంకో పిడి లాగితే అదే తలుపు ఇంటి తలుపులా పక్కకు తెరుచుకుంటుంది. ఒకే ఇనుప తలుపు రెండు దిక్కులా తెరుచుకోవడం నేను ఇంజనీరునై ఉండి కూడా మూడుసార్లు తెరిచి మూసి చూశాను. లోపల ఇద్దరేసి పిల్లలు ఎదురెదురుగా కూర్చునే మడత సీట్లు. ఆవిడ తండ్రి లింకన్‌లో ఆఫీసుకు వెళ్లేవారట, తల్లి దీనిలో పిల్లల్ని బడికి దించేవారట. రెండూ ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్నారని చెప్పారు. ఇంతకంటే సూటి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

లెక్కల మాస్టారు | మంగళవారం, ఉదయం 6:20

ఆ చివరి వాక్యాల్లోనే లెక్క తేలింది. ఖరీదైన కారు కొనే ఇంట్లో కార్లు రెండు. రెండో కారు ఖరీదైన పేరుది కానక్కరలేదు. ఇంకా చెప్పాలంటే, పాత సంపద ఉన్న ఇళ్లలో పల్లె బంగళాకు ఫోర్డ్ కంట్రీ స్క్వైర్ వ్యాగన్ వేసుకెళ్లడమే మర్యాద. అక్కడ క్యాడిలాక్ తీస్తే కొత్తగా డబ్బు చూసినవాడనుకుంటారు.

స్టట్‌గార్ట్ సుధ | మంగళవారం, ఉదయం 11:00

ఆ ఇళ్లలోకే తరవాత మెర్సిడెస్ 300 టీడీ డీజిల్ వ్యాగన్ చేరింది మాస్టారూ. అమెరికాకు 123 వ్యాగన్లలో పంపింది ఆ డీజిలే. పేరుకు పేరు, పొదుపుకు పొదుపు. క్యాడిలాక్ ఖాళీగా వదిలిన గడిలో ఇక్కడివాళ్లు వచ్చి కూర్చున్నారు.

గేరుమార్చు | మంగళవారం, రాత్రి 8:05

నా మొదటి టపాలో సామాను బండి అని తేల్చేశాను. వెనక్కి తీసుకుంటున్నాను. చదువుతూ పోతే క్యాడిలాక్ చివరికి ఈ రెండింటినీ ఒకే కారులో కలిపిందని తెలిసింది. 2011 సీటీఎస్-వి వ్యాగన్. 6.2 లీటర్ల సూపర్‌ఛార్జ్ వి8, 556 హార్స్‌పవర్, కోరితే చేతి గేర్లు. 2014తో ఆపేశారు. మొత్తం రెండు వేలు కూడా తయారు కాలేదు. ఇప్పుడు దాని కోసం జనం వెతుక్కుంటున్నారు. అంతకుముందు 2007లో బీఎల్ఎస్ వ్యాగన్ అని స్వీడన్‌లోని సాబ్ కర్మాగారంలో చేసి యూరప్‌లో అమ్మారు, అమెరికాకు తేనే లేదు.

సైలెన్సర్ | మంగళవారం, రాత్రి 8:50

రెండు వేలు కూడా కాలేదంటే, 1965లో వద్దనుకున్న అధికారి లెక్క తప్పు కాదన్నమాట. అయినా ఆ కారు చేసినందుకు వాళ్లకు నా నమస్కారం.

బొమ్మకార్ల బీరువా | బుధవారం, రాత్రి 10:15

మూడు రోజులుగా ఆఫీసు నుంచి రాగానే ఇదే చదువుతున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

ఈ సాయంత్రం బీరువా మళ్లీ సర్దాను. పేర్ల ప్రకారం కాకుండా దుకాణాల ప్రకారం. లింకన్ కాంటినెంటల్ పక్కన కాలనీ పార్క్, దాని పక్కన కౌగర్. ఇంపీరియల్ పక్కన టౌన్ అండ్ కంట్రీ, ఆ చివర జీటీఎక్స్. సి-300ను కూపేల వరుసలోంచి తీసి ఇంపీరియల్ ముందు పెట్టాను, రెండు జాలీలూ ఎదురెదురుగా. క్యాడిలాక్ అరలో వ్యాగన్ గడిలో ఏం పెట్టాలో చాలాసేపు తేలలేదు. నా దగ్గర 1959 మిల్లర్-మీటియర్ అంబులెన్సు ఒకటి ఉంది, ఇన్నేళ్లూ అట్టపెట్టెలోనే ఉంచాను. దాన్ని తీసి తుడిచి అక్కడ నిలబెట్టాను. కొలతకు సరిపోయింది, వెనక తలుపు మాత్రం అర అంచు దాటి కాస్త బయటికి వచ్చింది.

ఆటోనగర్ గారూ, మీ షెడ్డు మా ఇంటికి దగ్గరే అనిపిస్తోంది. ఆదివారం వస్తే చూడనిస్తారా?

ఆటోనగర్ వారసుడు | గురువారం, ఉదయం 6:40

తప్పకుండా రండి. పది దాటితే రేకు వేడెక్కి చెయ్యి పెట్టలేరు, తొమ్మిదిలోపు రండి. ఆ అంబులెన్సు బొమ్మను కూడా తీసుకురండి, వెనక తలుపు కీలు ఎలా పెట్టారో నాకు చూడాలని ఉంది.